మా ఆయనకు వచ్చిన ఉప్పు పొట్లాలు

మా కూతురి కూతురు హోసూరు దగ్గర ఒక కంపెనీలో పనిచేస్తుంది. శనివారం సాయంత్రం బస్సెక్కి ధర్మపురి వచ్చేస్తుంది, ఆదివారమంతా నా మంచం మీదే అడ్డంగా పడుకుని సెల్లు చూసుకుంటుంది. మొన్న డిసెంబరు మొదటి వారంలో అలా పడుకున్న పిల్ల ఉన్నట్టుండి లేచి కూర్చుని, వాళ్ల ఆఫీసులో క్రిస్మస్ కానుకలకు చీటీలు తీశారనీ, తనకు వచ్చిన చీటీలోని మనిషికి కెమెరా అంటే ప్రాణమనీ చెప్పి, "అవ్వా, ఫోటో పైత్యం ఉండే మనిషికి ఏం గిఫ్ట్ ఇచ్చేది? ఐదునూర్లే బడ్జెట్. తాతతో అన్నేండ్లు కాపురం చేసినావు కదా, నీకు తెలిసే ఉంటుంది" అంది.

తర్వాత సెల్లులో వరసగా చూపించింది. వంద రూపాయలకు కెమెరా బొమ్మ వేలాడే తాళంచెవుల గొలుసు, మూడు వందలకు లెన్సు ఆకారంలో కాఫీ కప్పు, ఐదు వందలకు మెడలో వేసుకునే రంగుల పట్టీ, ఇంకా పైకి పోతే మూడు కాళ్ల స్టాండ్లు, సంచులు, లక్షల్లో లెన్సులు. ఎంత తాహతు ఉన్నవాళ్లకు అంత కానుక, పైన నక్షత్రాలు, కింద పొగడ్తలు. లెన్సులో కాఫీ పోసుకుని తాగితే ఫోటో బాగా పడుతుందా తల్లీ అని అడిగితే పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను గానీ, "నీకు తెలిసే ఉంటుంది" అన్న ఆ ఒక్క మాట నా కడుపులో ఎప్పుడో ఆరిపోయిందనుకున్న మంటను మళ్లీ ఎగదోసింది. ఎందుకంటే నాకు తెలియదు. అప్పుడూ తెలియలేదు. తెలిసిన మనిషి వేరొకతె ఉండేది, ఆమె మీద నేను కళ్లలో నిప్పులు పోసుకున్నాను. ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది, మా ఆయన పోయి నాలుగేళ్లయింది, నాకు డెబ్భై దగ్గర పడుతున్నాయి, అయినా ఆ కుళ్లు పోలేదు. మనవరాలికి చెప్పలేని సంగతి, నా ఈడు వాళ్లు మీరు కాబట్టి చెప్పుకుంటున్నాను.

మాది తరతరాలుగా ఈ ఊళ్లో అంగడి పెట్టుకుని బతికిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా బావగారు అంగడి చూసుకునేవారు, మా ఆయన మాత్రం తూకాలూ బేరాలూ తన ఒంటికి పడవని క్రైస్తవ మిషను ఆసుపత్రిలో చీటీలు రాసే గుమాస్తాగా చేరారు. నా పెళ్లయిన రెండో ఏట, ఆ ఆసుపత్రి నుంచి బదిలీ అయిపోతున్న ఒక డాక్టరు తన జపాను కెమెరాను అమ్మేస్తుంటే ఈయన కొనుక్కుని ఇంటికి తెచ్చారు. గోధుమరంగు తోలు సంచిలో, మెడకు వార వేసుకుని, కొత్త పెళ్లికూతుర్ని తెచ్చినంత మురిపెంగా తెచ్చారు. ఆ రోజు నుంచీ నాకు ఇంట్లోనే సవతి పోరు.

నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, అప్పట్లో రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. ఆ ముప్పై ఆరింటినీ ఈయన మూడు నెలలు పొదుపుగా వాడుకునేవారు. ఆదివారం వస్తే చాలు, తెల్లవారుజామునే బస్సెక్కి పెన్నాగరమో, అక్కణ్ణుంచి హొగెనకల్లో, లేకపోతే పాలకోటి టమాటా మండీకో పోయేవారు. పోయి ఏం తీసేవారనుకుంటున్నారు? చెరకు లోడుతో మిల్లు ముందు నిలబడిన ట్రాక్టరు చక్రం. తడిసిన గోడ. ఎండలో బోర్లించిన పుట్టి నీడ. ఖాళీ టమాటా గంపల వరస. నా ఫోటో ఒక్కటి తియ్యండి అంటే ఆకాశం వంక చూసి "వెలుతురు చాలదే" అనేవారు. టమాటా గంపకు చాలిన వెలుతురు నాకెందుకు చాలదో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. సాయంత్రం వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా, ఆ కెమెరాను ఒళ్లో పెట్టుకుని పంచె కొంగుతో తుడిచేవారు. నేను పక్కన కాఫీ లోటా పట్టుకుని నిలబడి ఉండేదాన్ని.

ఇక ఆ ఆసుపత్రి ఆచారం చెప్పాలి. అక్కడ కేరళ నర్సమ్మలు తెచ్చిపెట్టిన వేడుక ఒకటి ఉండేది. డిసెంబరు మొదట్లో పెద్ద డాక్టరమ్మ నుంచి తోటీ దాకా అందరి పేర్లూ చీటీల మీద రాసి, స్టీలు ట్రేలో వేసి, తలా ఒకటి తీసుకునేవాళ్లు. నువ్వు తీసిన చీటీలో ఎవరి పేరుంటే వాళ్లు నీకు క్రిస్మస్ బిడ్డ, నువ్వు వాళ్లకు క్రిస్మస్ తల్లివి. ఆడైనా మగైనా తల్లే. హిందువులకైనా అంతే. పండగ దాకా ఆ తల్లి ఎవరో తెలియకుండా బిడ్డకు చిన్న చిన్న కానుకలు పంపాలి, చివరి రోజు అందరి ముందూ బయటపడాలి. మా ఆయన ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు మా అత్తగారు తమలపాకు నములుతున్నదల్లా ఆపి, "కన్నతల్లిని నేను గుండ్రాయి మాదిరి కూర్చోనుంటే నీకింకో తల్లేందిరా?" అని గయ్యిమంది. ప్రతి ఏటా ఈయనకు సబ్బు పెట్టో, చేతి గుడ్డో, ఏసుక్రీస్తు బొమ్మ కేలెండరో వచ్చేది, మేమూ ఎవరికో అలాంటిదే పంపేవాళ్లం. ఎవరికీ ఏ బాధా లేదు.

ఆ ఏడు మాత్రం వేరేగా మొదలైంది. మొదట ఒక గుడ్డ వచ్చింది. పాత మల్లు పంచె ముక్క, ఎన్ని ఉతుకులు ఉతికిందో వెన్నలా ఉంది, నాలుగు అంచులూ చేత్తో సన్నగా మడిచి కుట్టి ఉన్నాయి. మా ఆయన దాంతో లెన్సు తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, "ఒక్క గీత పడలేదు చూడే" అన్నారు. రెండోసారి మందుల షాపులో దొరికే చిన్న రబ్బరు బుడ్డి, పసిపిల్లల ముక్కు శుభ్రం చేయడానికి వాడతారే, అది. పిల్లలు లేని గుమాస్తాకు ఇదెందుకని నేను ముక్కున వేలేసుకుంటే, ఈయన దాన్ని నొక్కి కెమెరా సందుల్లోని దుమ్మంతా ఉఫ్ ఉఫ్ మని ఊదేసి, గంటసేపు పిల్లవాడిలా ఆడుకున్నారు. అంతకుముందు నోటితో ఊదితే ఎంగిలి తుంపర పడుతోందని ఎప్పుడూ విసుక్కునేవారట. అలా విసుక్కోవడం నేనెప్పుడూ గమనించనే లేదు.

మూడోది వచ్చిన రోజు నాకు నిద్ర పట్టలేదు. పాత గొడుగు గుడ్డ రెండు పొరలు వేసి కుట్టిన నల్ల సంచి, దానికి జాకెట్టు చేతుల్లాంటి రెండు గొట్టాలు, వాటి అంచుల్లో ఎలాస్టిక్. రీలు మధ్యలో ఇరుక్కుంటే కెమెరా తెరవాలి, తెరిస్తే వెలుతురు తగిలి ఫోటోలన్నీ పోతాయి. అందుకని ఈయన అంతవరకూ నా పెళ్లి దుప్పటి ముసుగు పెట్టుకుని, చెమటలు కక్కుతూ దాని కింద రీలు సరిచేసుకునేవారు. ఇప్పుడు కెమెరాను ఆ సంచిలో పెట్టి, చేతులు మాత్రం దూర్చి, తీరిగ్గా అరుగు మీద కూర్చుని పని కానిచ్చారు. "ఎవరో గానీ మహా తెలివైన మనిషి" అన్నారు. నేను ఆ కుట్టు చూశాను. జాకెట్టు చేతులు కుట్టడం వచ్చిన మనిషి. అంటే ఆడది. ఆడదై ఉండి, మా ఆయనకు ఏది ఇబ్బందో, ఏది సుఖమో ఇంత వివరంగా తెలిసిన మనిషి. ఇంట్లో ఉన్న నాకు తెలియనివి ఆమెకెలా తెలిశాయి? అనుమానం పెనుభూతమంటారు, అది ఆ రోజే వచ్చి నా మంచం పక్కన కూర్చుంది.

నేను ఊరుకుంటానా? ఆయనకు నేనూ క్రిస్మస్ కానుక ఇస్తానని పంతం పట్టాను. మా తోడికోడల్ని వెంటబెట్టుకుని సేలం పోయి, ఒక అంగడివాణ్ణి ఫోటోలకు సంబంధించి మీ అంగట్లో అన్నిటికన్నా గొప్పది ఏదో అది ఇవ్వమని అడిగాను. ఎర్ర మఖ్మలు అట్ట, నాలుగు మూలలా బంగారు రంగు రేకులు, తెరిస్తే సన్నగా సంగీతం, ఎత్తలేనంత బరువు ఉన్న ఆల్బం ఇచ్చాడు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాను, పక్కవాళ్లకు తగలనివ్వలేదు. ఆయన తెరిచి చూశారు. అది పెళ్లి ఆల్బం. ప్రతి పుటలోనూ ఫోటో పెట్టే కిటికీ హృదయం ఆకారంలో కత్తిరించి ఉంది. పాపం ఆయన నన్ను నొప్పించలేక, ట్రాక్టరు చక్రం ఫోటో తీసి ఒక హృదయంలో దూర్చి చూశారు, సగం చక్రమే కనిపించింది. గంపల వరస పెట్టారు, ఒకటిన్నర గంప కనిపించింది. "బాగుందే, చాలా బాగుంది" అని అట్ట మూసి, ప్లాస్టిక్ కవరుతో సహా బీరువా మీద పెట్టేశారు. ఆ రబ్బరు బుడ్డి మాత్రం దిండు పక్కనే ఉంది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు, ఎందుకు తినలేదని ఎవరూ అడగలేదు కూడా.

ఇప్పుడు ఆలోచిస్తే, ఫోటో పిచ్చి ఉన్నవాళ్లకు కానుక కొనడంలో ఉన్న చిక్కంతా ఇదే. వాళ్లకు కావలసింది మనం కొనలేం, మనం కొనగలిగింది వాళ్లకు అక్కర్లేదు. నడుమ సందులో చిన్నచిన్నవి కొన్ని ఉంటాయి, తుడుచుకునే గుడ్డ, దుమ్ము ఊదే బుడ్డి, చేతులు దూర్చే సంచి లాంటివి, డబ్బుకు దాదాపు ఏమీ కావు. అవి ఏమిటో తెలియాలంటే ఆ మనిషి పక్కన నిలబడి, అతను దేనికి విసుక్కుంటాడో చూడాలి. నేను ఆయన పక్కనే నిలబడ్డాను, కానీ చూసింది కెమెరాను, అదీ ఓర్వలేక.

నాలుగోదే ఉప్పు పొట్లాలు. పండగ ఇంకో వారం ఉందనగా ఒక కాగితం సంచిలో వచ్చాయి. బొటనవేలంత తెల్ల పొట్లాలు ఒక పది, విప్పితే లోపల కల్లుప్పు రవ్వల్లాంటి గింజలు. వాటితో ఒక చీటీ, తమిళ అక్షరాల్లో వంకరటింకర రాత. మా ఆయన దాన్ని తమిళంగానే చదివి, "ఉప్పు, చెవి, డబ్బుకు" అని ఉందనీ, ఆసుపత్రిలో అందరూ చదివి ఇది ఏదో మలయాళ మంత్రమని నవ్వారనీ చెప్పి, సంచిని అలమరలో పడేసి స్నానానికి పోయారు.

నేను తీసి చూశాను. అది తమిళం కాదు. మా పుట్టింట్లో ఆడవాళ్లందరూ అలాగే రాసేవాళ్లు, మాట తెలుగుది, అక్షరం తమిళానిది, ఎందుకంటే బడిలో నేర్పింది ఆ అక్షరాలే. నాకు మా నాన్న అంగట్లో పొట్లాల కాగితాల మీద తెలుగు దిద్దించాడు గనుక ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను గానీ, మాలో చాలామందికి ఇప్పటికీ తెలుగు అక్షరం ముఖం తెలియదు. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం, స, జ లకూ పాతకాలం వాళ్లు ఒకటే రాస్తారు. 'కాదు' అని రాస్తే తమిళుడు దాన్ని చెవి అనుకుంటాడు, 'గాజు' అని రాస్తే కాసు, అంటే డబ్బు అని చదువుతాడు. ఆ చీటీలో ఉన్నది ఇదీ: "ఉప్పు కాదు. గాజుకు."

గాజుకు! నేను పైకే చదివేశాను. మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి, "గాజా? ఎవురే ఆ గాజుల మనిసి?" అంది. ఆ మాటతో నాకు ఉన్న మతి కూడా పోయింది. ఆసుపత్రిలో మన భాష మాట్లాడే ఆడది, జాకెట్టు కుట్టడం వచ్చిన ఆడది, నా మొగుడికి గాజుల కబురు పంపుతోంది. ఉప్పు కాదట, గాజులకట! ఏ గాజులు, ఎవరి గాజులు, ఎవరు తొడగాలి? తెల్ల గింజలకూ గాజులకూ ఏం సంబంధమని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే సరిపోయేది. కుళ్లులో ఉన్న మనిషికి ఆలోచన ఎక్కడిది? పొట్లాలన్నీ ఒళ్లో పోసుకుని పోయి వీధి కాలువలో పారబోసి, సంచి మడిచి పొయ్యిలో పెట్టాను. మనసు చల్లబడింది.

మర్నాడు మా ఆయన ఇంటికి వస్తూ డజను ఆకుపచ్చ గాజులు తెచ్చారు. నేను ముందురోజు "గాజు, గాజు" అని అరవడం ఆయన స్నానాలగదిలోంచి విన్నారట, నాకు గాజులు కావాలి కాబోలనుకున్నారు. నేనేమనుకున్నానో వేరే చెప్పాలా? తప్పు చేసినవాడే పెళ్లానికి గాజులు తెస్తాడనుకున్నాను. ఆ డజనుకు మరో డజను కలిపి రెండు చేతులకూ మోచేతుల దాకా తొడుక్కుని, పట్టుచీర కట్టుకుని, చివరి రోజు వేడుకకు ఆసుపత్రికి బయల్దేరాను. ఆ గాజుల మనిషి ఎవరో బయటపడగానే నా గాజుల చప్పుడు దాని చెవిన పడాలి, అంతే నా కోరిక.

రోగులు కూర్చునే హాల్లో కాగితపు నక్షత్రాలు కట్టారు, నర్సమ్మలు పాటలు పాడారు, తలా ఒక కేకు ముక్క ఇచ్చారు. ఒక్కొక్క క్రిస్మస్ తల్లీ లేచి తన బిడ్డ పేరు చెబుతోంది, అందరూ చప్పట్లు కొడుతున్నారు. మా ఆయన పేరు చెబుతూ లేచింది ఎవరంటే, ఎక్స్‌రే చీకటిగదిలో ఫిలింలు కడిగే ఆవిడ. మహేంద్రమంగళం నుంచి రోజూ బస్సులో వచ్చి పోయే కూలివాళ్లింటి మనిషి, ఐదో తరగతి చదువు, యాభై దాటిన వయసు, ఎండుకట్టె లాంటి ఒళ్లు. మందునీళ్లలో నాని నాని గోళ్లు గోధుమరంగుకు తిరిగాయి. రెండు చేతులూ బోడిగా ఉన్నాయి. గాజులుంటే తడి ఫిలిం గీసుకుపోతుందని పనిలో చేరిన రోజే తీసేసిందట. మోచేతుల దాకా గాజులు వేసుకుని నేను ఆమె ముందు కూర్చున్నాను.

ఆమె నేరుగా మా ఆయన దగ్గరికి వచ్చి, "సారూ, గాజు ఎట్లుంది? బూజు తగ్గిందా? ఆ పొట్లాలు కెమెరా సంచిలో పెట్టినారు కదా?" అంది. ఆయనకు అర్థం కాలేదు. అప్పుడు ఆమె మా ఇద్దరి వైపూ చూస్తూ విడమర్చి చెప్పింది. "వానలకి కెమెరా గాజులో దారం మాదిరి ఏమో పుడతా ఉండాదని సారు క్యాంటీన్లో చెప్తా ఉంటే విన్నాను. మా ఫిలిం డబ్బాల్లో వస్తాయి ఈ పొట్లాలు, తేమంతా పీల్చేస్తాయి. ఒకొకటే ఎత్తిపెట్టినాను. మీ ఇంట్లో ఉప్పనుకోని కూరలో ఏసేస్తారేమో అని భయపడి చీటీ రాసినాను."

గాజంటే లెన్సు. గాజు అనక ఆమె ఇంకేమంటుంది పాపం, అది గాజే కదా. దీపావళి వానల తర్వాత లెన్సు లోపల సన్నటి పోగు కనిపిస్తోందని, తేమ ఉంటే అది పాకి అద్దమంతా తినేస్తుందని మా ఆయన నాతో కూడా చెప్పారు. నేను బియ్యంలో రాళ్లు ఏరుతూ ఊఁ అన్నాను. క్యాంటీన్లో ఎవరితోనో అన్న మాట పక్క బల్ల మీద టీ తాగుతున్న ఆవిడ విని మనసులో పెట్టుకుంది. నాకు అన్నిటికన్నా మండింది అక్కడే. వయసులో ఉన్న అందమైన నర్సమ్మ ఎవరైనా అయి ఉంటే జుట్టు పట్టుకుని కడిగేసి ఉందును, ఈమెను ఏమని కడగను?

మా ఆయన నావైపు తిరిగి, ఆ పొట్లాలు ఎక్కడ పెట్టావని అడిగారు. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. "ఎలుకలు లాక్కపోయినాయి" అనేశాను. ఆమె నా ముఖం వైపు ఒకసారి, నా చేతుల వైపు ఒకసారి చూసింది. చూసి, నవ్వీ నవ్వనట్టు, "ఎలుకలకి దప్పి జాస్తి అయ్యుంటుంది పాపం" అంది. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. నాకు తెలిసిపోయింది, ఆమెకు తెలిసిపోయిందని.

ఇంతవరకూ చేసింది పొరపాటు. ఎవరైనా చేస్తారు, చెప్పుకుని నవ్వుకోవచ్చు కూడా. చెప్పుకోలేనిది దీని తర్వాత జరిగింది.

పండగ వెళ్లిన వారానికి, ఒక సాయంత్రం డ్యూటీ దిగి బస్టాండుకు పోతూ పోతూ ఆవిడ మా ఇంటి వాకిట్లోకి వచ్చింది. ఆ వేళకు మా ఆయన ఇంట్లో లేరు, అది చూసుకునే వచ్చిందని నాకు తర్వాత తట్టింది. లోపలికి రమ్మంటే రాలేదు. సంచిలోంచి బిగుతుగా మూతపెట్టిన రేకు డబ్బా తీసి నా చేతిలో పెట్టి, "ఈతూరి నీ చేతికే ఇస్తావుండాను అమ్మా. నువ్వే పెట్టు. నేనిచ్చినానని చెప్పొద్దు, నువ్వే కొన్నానని చెప్పుకో. తేమ పీల్చినాక బాండ్లీలో వేపితే మళ్లీ పనికొస్తాయి" అంది. నేను మంచినీళ్లు తెచ్చేలోపల బస్సు టైమయిందని వెళ్లిపోయింది.

డబ్బా నిండా పొట్లాలు. నాకు అన్నీ అర్థమయ్యాయి. నా గాజులు చూసి, నా ముఖం చూసి, ఆమె ఆయనకు పంపవలసిన కానుకను నాకు ఇచ్చింది. నేను చెయ్యవలసిందల్లా ఆ డబ్బా విప్పి, రెండు పొట్లాలు తోలు సంచిలో వేసి, ఏమండీ ఇవిగో అనడమే. ఆయన ముఖం ఎంత వెలిగేదో నాకు తెలుసు, ఆ వెలుగు కోసమే కదా సేలం దాకా పోయి ఎర్ర ఆల్బం మోసుకొచ్చాను. కానీ ఆమె ఇచ్చిందని చెబితే ఆ వెలుగు ఆమెది. నేను తెచ్చానని చెబితే, ఆమె నాకు పెట్టిన భిక్ష. చీకటిగదిలో ఫిలింలు కడుక్కునే మనిషి నాకు నా మొగుణ్ణి దానమిచ్చినట్టనిపించింది, ఎంత పాపిష్టి ఆలోచన చూడండి. ఈ రోజు కాదు, రేపు చెబుదాంలే అని ఆ డబ్బాను అటక మీద ఊరగాయ జాడీల వెనక పెట్టాను. రేపు అనుకుంటూనే ఏడాది గడిచింది.

మళ్లీ వచ్చిన వానలు ఎడతెరిపి లేకుండా పట్టాయి. ఒక ఆదివారం వాన వెలిసిందని మా ఆయన ఉత్సాహంగా తోలు సంచి విప్పి, కెమెరాను వెలుతురుకు పట్టి చూసి, అలాగే అరుగు మీద కూర్చుండిపోయారు. లెన్సు లోపల సాలెగూడు అల్లుకున్నట్టు బూజు. బెంగుళూరు తీసుకుపోయారు, అక్కడ కెమెరాలు బాగుచేసేవాడు విప్పి తుడిచాడు గానీ, అద్దాన్ని అప్పటికే తినేసింది, మచ్చ పోదన్నాడు. ఆ తర్వాత తీసిన ప్రతి ఫోటోలోనూ ఒక మూల పొగ కమ్మినట్టు ఉండేది. "వానలు జాస్తి ఈ ఏడు, దాని తప్పేముంది" అని కెమెరాను వెనకేసుకొచ్చేవారు. కొన్నాళ్లు ఆ పొగ పడే మూలను తప్పించి తీయాలని చూశారు. తర్వాత ఆదివారాలు ఇంట్లోనే ఉండటం మొదలుపెట్టారు. మూడు నెలలకు అయ్యే రీలు ఏడాదికి, రెండేళ్లకు అయింది, చివరికి కెమెరా బీరువాలోకి పోయింది. నా సవతి పోయింది. ఇంట్లో నా పక్కనే కూర్చునేవారు, పేపరు చదువుకుంటూ. నేను కోరుకున్నది ఇదే కదా మరి, దీన్ని ఏం చేసుకోవాలో మాత్రం నాకు తెలియలేదు.

ఆవిడ ఒకసారి కూరగాయల మార్కెట్టులో ఎదురుపడి, "గాజు ఎట్లుందమ్మా?" అని అడిగింది. బాగుంది అన్నాను. సంతోషమని తల ఊపి, వంకాయలు ఏరుకుంటూ పోయింది. తర్వాత రిటైరై ఊరికి వెళ్లిపోయింది, చనిపోయిందని తెలిసినప్పుడు మా ఆయన మహేంద్రమంగళం పోయి చూసి వచ్చారు. నన్ను రమ్మన్నారు, తలనొప్పి అన్నాను. ఆ రేకు డబ్బా మేము ఇల్లు మారినప్పుడు అటక మీద దొరికింది. మూత తుప్పుపట్టి రాలేదు, కత్తితో పొడిచి తెరిచాను. లోపల గింజలు గలగలలాడుతూ పొడిగా ఉన్నాయి. అప్పుడైనా ఆయనకు చెప్పి ఉండాల్సింది. ఆయన పక్క గదిలో పుస్తకాలు మూటగడుతున్నారు, పిలిస్తే వస్తారు. పిలవలేదు.

ఇదంతా తలుచుకుంటూ నేను కూర్చుంటే మా మనవరాలు, "విడు అవ్వా, నేనే చూసుకున్నా" అంది. ఏం చూసుకున్నావే అంటే, ఆఫీసులో ఎవరితోనో ఆ మనిషినే అడిగించిందట. అతను తనకు కావలసిన పట్టీ ఏదో, ఏ రంగుదో, ఏ అంగట్లోదో లింకు పంపాడట. ఈ పిల్ల వేలితో రెండుసార్లు నొక్కింది, కొనడం అయిపోయింది, బుధవారానికి అతని ఇంటికే పోతుందట. తప్పు కానుక వచ్చే భయం లేదు. మంచిదే కదా, హృదయాల ఆల్బం మోసుకొచ్చిన నేను కాదని ఎలా అనగలను? కాకపోతే అతను దేనికి విసుక్కుంటాడో, వానొస్తే దేనికి దిగులుపడతాడో ఈ పిల్లకు తెలియదు, తెలుసుకునే పని కూడా లేదు. టీ తాగుతూ పక్క బల్ల మాట విని నెలరోజులు మనసులో పెట్టుకునే మనుషులు ఇప్పుడు లేరేమో, ఉన్నా అంగళ్లు వాళ్లకు ఆ అవసరం లేకుండా చేశాయి. కానుకలు బోలెడు వస్తున్నాయి, ఒకళ్ల కానుక చూసి మరొకళ్లు కుళ్లుకుని చావడం మాత్రం నాకెక్కడా కనిపించడం లేదు. అంత విలువైన కానుక ఎవరూ ఇవ్వడం లేదు మరి.

నా కాపురం నలభై ఏళ్లకు పైమాట. ఆ నలభై ఏళ్లలో ఆయనకు అచ్చంగా కావలసిన కానుక నా చేతికి వచ్చింది ఒక్కసారే, అదీ ఇంకొకతె తెచ్చి పెడితే. అది నేను ఆయనకు ఇవ్వలేదు.